సంక్రాంతికి స్నాప్ పీస్ కాయ కోయాలంటే గింజ ఎప్పుడు వేయాలి?

అల్వాల్ మిద్దె తోట · అక్టోబర్ 18

అందరికీ నమస్కారం. ఈ ఒక్క పంట విషయంలో నాకు మీ సాయం కావాలి. ఆరేళ్లుగా హైదరాబాద్ అల్వాల్‌లో మా మిద్దె మీద వంగ, బెండ, దొండ, ఆకుకూరలు పెంచుతున్నాను. రెండు బొప్పాయి చెట్లు కూడా కాస్తున్నాయి. స్నాప్ పీస్ మాత్రం రెండుసార్లు వేశాను, రెండుసార్లూ చేతికి రాలేదు.

ఇంత పట్టుదల ఎందుకంటే మా మనవరాలి కోసం. అమ్మాయి వాళ్లు న్యూజెర్సీలో ఉంటారు. పాపకి ఆరేళ్లు. ఏ కూర పెట్టినా ముఖం తిప్పుకుంటుంది గానీ స్నాప్ పీస్ గిన్నెలో వేసి ముందు పెడితే పచ్చివే కరకరా నమిలేస్తుంది. వీడియో కాల్‌లో మాట్లాడుతూ తింటుంటే కాయ విరిగిన చప్పుడు నాకు ఇక్కడికి వినిపిస్తుంది. డిసెంబర్ 24న వస్తున్నారు. సంక్రాంతి చేసుకుని జనవరి 18న వెళ్తారు. ఆ మూడున్నర వారాల్లో ఒక్కరోజైనా పాప మా మిద్దె ఎక్కి, తన చేత్తో తీగ నుంచి కాయ తెంపుకుని తినాలి. నా కోరిక అంతే.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఇది మనం గింజలు ఒలుచుకునే పచ్చి బఠాణీ కాదు. తొక్కతో సహా కాయంతా తినేది. చైనీస్ వంటల్లో వేసే పలచటి కాయ స్నో పీస్, అది వేరు. స్నాప్ పీస్ కాయ లావుగా, గుండ్రంగా, లోపల గింజ నిండి ఉంటుంది.

మొదటిసారి నిరుడు జులైలో వేశాను. వానలు పడుతున్నాయి కదా, ఏ గింజైనా మొలుస్తుంది అనుకున్నాను. రాత్రంతా నానబెట్టి 20 గింజలు పెట్టాను. పది రోజులు చూశాను, రెండే మొలిచాయి. మట్టి కదిపి చూస్తే మిగతావి అక్కడే ఉన్నాయి. తొక్క పైకి బాగానే ఉంది. వేళ్ల మధ్య నొక్కితే లోపలి నుంచి తెల్లటి జిగురు బయటికొచ్చింది, పులిసిన పిండి వాసన. మొలిచిన ఆ రెండూ జానెడు పెరిగి, కింది ఆకుల నుంచి పసుపెక్కి ఎండిపోయాయి.

రెండోసారి డిసెంబర్ 20న వేశాను. ఈసారి మొలక బ్రహ్మాండంగా వచ్చింది. 20కి 17 మొలిచాయి. జనవరి అంతా తీగ ఏపుగా పెరిగింది. ఫిబ్రవరి రెండో వారంలో తెల్లటి పూత చూసి ఎంత సంబరపడ్డానో! కానీ పొద్దున విచ్చిన పువ్వు మర్నాటికి కాడ దగ్గర పసుపు తిరిగి, వేలు తగిలితే చాలు రాలిపోయేది. అన్నీ కలిపి 11 కాయలు కోశాను. అవి కూడా పీచు పీచుగా ఉన్నాయి. ఆ తర్వాత ఆకుల మీద విభూతి చల్లినట్టు తెల్లగా వచ్చి తీగలన్నీ పోయాయి.

ఇప్పుడు నా దగ్గర 50 గింజల ప్యాకెట్ ఒకటి ఉంది. పొట్టి రకం, రెండడుగులు పెరుగుతుంది, 60 రోజుల్లో కాయ అని రాశారు. 15 అంగుళాల గ్రో బ్యాగులు ఆరు ఖాళీగా ఉన్నాయి. పడమటి వైపు పిట్టగోడ నాలుగడుగుల ఎత్తు. నా సందేహాలు ఇవీ:

గింజ ఏ తేదీన వేస్తే పాప ఉన్న రోజుల్లో కాయ ఉంటుంది? నానబెట్టాలా వద్దా? పందిరి దేనితో కట్టాలి? పోయినసారి వెదురు బద్దలు గుచ్చితే తీగ వాటిని పట్టుకోకుండా కిందికి వాలిపోయింది. ఇంకోటి, అమ్మాయి అక్కడి నుంచి మంచి రకం గింజలు తెస్తానంటోంది. తెమ్మనమంటారా?

ఈసారి కూడా పోతే మళ్లీ వచ్చే ఏడాదిదాకా ఆగాలి. అదే నా టెన్షన్. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

మదనపల్లె పెరడు · అక్టోబర్ 18

అమ్మా నమస్తే. మాది మదనపల్లె. మా నాన్న టమాటా రైతు. నేను ఇంటి వెనక పెరట్లో ఎనిమిదేళ్లుగా బఠాణీ వేస్తున్నా, అందులో నాలుగేళ్లుగా స్నాప్ రకం. మీకంటే మాకు పగటి వేడి కాస్త తక్కువ, ఆ సౌకర్యం ఉంది. అయినా మొదటి రెండేళ్లు నేనూ మీలాగే పోగొట్టుకున్నా. కాబట్టి మీ రెండు పంటలూ ఎందుకు పోయాయో నాకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది.

బఠాణీ విషయంలో అందరం విత్తే రోజు గురించే ఆలోచిస్తాం. చూసుకోవాల్సింది పూత వచ్చే రోజు. మొక్కగా ఉన్నప్పుడు బఠాణీ కొంచెం వేడి ఓర్చుకుంటుంది. పూత మీద ఉన్నప్పుడు పగలు 30 డిగ్రీలు దాటితే పిందె కట్టదు. మీ డిసెంబర్ విత్తనం ఫిబ్రవరిలో పూతకొచ్చింది. అప్పటికి హైదరాబాద్‌లో 32, 33 వచ్చేస్తుంది, మిద్దె మీద ఇంకా ఎక్కువ. పూత రాలడానికి కారణం అదే, మీ పెంపకంలో లోపం లేదు. ఆ ఊళ్లో పూతకు అనువైన రోజులు డిసెంబర్ మొదటి వారం నుంచి జనవరి మూడో వారం దాకా మాత్రమే. అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టండి. పొట్టి రకం పూతకు రావడానికి సుమారు 40 రోజులు. పువ్వు విచ్చాక కాయ నిండడానికి ఇంకో మూడు వారాలు. అంటే అక్టోబర్ 28 నుంచి నవంబర్ 11 లోపు గింజ భూమిలో ఉండాలి.

గింజలన్నీ ఒకేసారి వేయకండి. రెండు బ్యాగులు 28న, రెండు నవంబర్ 4న, రెండు 11న వేయండి. బఠాణీ ఒకసారి కాపు మొదలైతే రెండు మూడు వారాలే బలంగా కాస్తుంది. ఇలా వేస్తే పాప దిగిన వారం నుంచి వెళ్లేదాకా ఏదో ఒక బ్యాగులో కాయ ఉంటుంది.

ఇక నానబెట్టడం. జులైలో గింజ కుళ్లింది నానబెట్టినందుకు కాదు. వెచ్చటి మట్టి, పైన వాన, లోపల నీళ్లు నిలిచిపోవడం. బఠాణీ గింజలో తీపి ఎక్కువ, వేడి తడి మట్టిలో బూజుకు అది విందు భోజనం. నేను చేసే పద్ధతి మన ఇళ్లలో పెసలు మొలకెత్తించేదే. సాయంత్రం నానబెడితే పొద్దున తీసేయాలి, పన్నెండు గంటలు మించకూడదు. తడి గుడ్డలో వదులుగా మూట కట్టి చల్లటి చోట ఉంచాలి. రెండు మూడు రోజుల్లో తెల్లటి వేరు మొన కనిపిస్తుంది. అది బియ్యపు గింజంత ఉండగానే మట్టిలో పెట్టేయాలి. పొడుగైతే చేయి తగిలి విరుగుతుంది, విరిగితే మొలక దెబ్బతింటుంది. చూపుడు వేలి మొదటి కణుపు లోతున, వేరు కిందికి ఉండేలా పెట్టండి. 15 అంగుళాల బ్యాగుకి ఎనిమిది గింజలు చాలు. పెట్టిన రోజు నీళ్లు పోశాక, మొలక పైకి వచ్చేదాకా మళ్లీ పోయకండి. మట్టి పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. అంత తడి చాలు.

మట్టి గురించి ఒక్క మాట. సగం ఎర్రమట్టి, పావు వంతు బాగా మాగిన పశువుల ఎరువు, పావు వంతు కోకోపీట్ (కొబ్బరి పొట్టు), రెండు గుప్పిళ్లు వేపపిండి. అంతకు మించి బలం పెట్టొద్దు.

మిద్దె మీద ఇంకో శత్రువు గచ్చు. ఎండకి కాలిన స్లాబు మీద బ్యాగు నేరుగా పెడితే కింద నుంచి వేరు ఉడుకుతుంది. బ్యాగు కింద రెండేసి ఇటుకలు పెట్టి గాలి ఆడనివ్వండి. మీ పడమటి పిట్టగోడ ఈ పంటకి వరం. బ్యాగుల్ని ఆ గోడకి దగ్గరగా పెడితే పొద్దుటి ఎండ ఐదారు గంటలు తగులుతుంది, మూడు దాటాక నీడ పడుతుంది. బ్యాగు చుట్టూ తడిపిన గోనెపట్టా చుడితే ఇంకా మంచిది.

పందిరి సంగతి. బఠాణీ చిక్కుడులాగా కాండంతో చుట్టుకోదు. ఆకు చివర దారప్పోగుల్లాంటి నులితీగలు ఉంటాయి, అవి పట్టుకుని పైకి పోతుంది. ఆ నులితీగ సన్నటి పుల్లకో దారానికో చుట్టుకోగలదు గానీ వేలు లావు వెదురును చుట్టలేదు. అందుకే మీ తీగ వాలిపోయింది. మీ వైపు కందికట్టె దొరుకుతుంది కదా? పోయినేటి ఎండు కందికట్టె, కొమ్మలతో సహా, బ్యాగుకి నాలుగు గుచ్చండి. దాన్ని మించిన పందిరి లేదు. కొమ్మకొమ్మకీ పట్టు దొరుకుతుంది. కందికట్టె లేకపోతే రెండు కర్రల మధ్య పురికొస అడ్డంగా నాలుగేసి వేళ్ల ఎడంలో కట్టండి. ఏది చేసినా గింజ పెట్టిన రోజే చేయాలి. తర్వాత గుచ్చితే వేళ్లు తెగుతాయి.

గుంటూరు నుంచి · అక్టోబర్ 19

అన్నయ్యా, మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను కిరాణా కొట్టులో కొన్న ఎండు బఠాణీలు నాటాను, చక్కగా మొలిచాయి. కాయలు కూడా వచ్చాయి. లేతగా ఉన్నప్పుడే తొక్కతో కూర చేస్తే నమిలినకొద్దీ పీచే వచ్చింది. ఇంకా లేతగా కోయాలా?

మదనపల్లె పెరడు · అక్టోబర్ 19

తమ్ముడూ, ఎంత లేతగా కోసినా లాభం లేదు. నీ కాయ ఒకటి విప్పి, తొక్క లోపలి వైపు గోటితో గీరి చూడు. గట్టి కాగితంలాంటి పలచటి పొర లేస్తుంది. మామూలు బఠాణీకి ఆ పొర ఉంటుంది, మనిషి నమలలేడు. స్నాప్ రకంలో ఆ పొర ఉండదు, పైగా తొక్క కండ పట్టి మందంగా ఉంటుంది. తేడా పుట్టుకలోనే ఉంది. అమెరికాలో కాల్విన్ లాంబోర్న్ అనే ఆయన మందపు తొక్క ఉన్న బఠాణీని స్నో పీస్‌తో సంకరం చేసి ఏళ్ల తరబడి ఎంపిక చేస్తే షుగర్ స్నాప్ అనే రకం వచ్చింది. 1979లో దానికి అక్కడ కొత్త రకాలకిచ్చే ఆల్ అమెరికా సెలెక్షన్స్ బంగారు పతకం ఇచ్చారు. ఇప్పుడు దొరికే స్నాప్ రకాల్లో చాలావాటికి మూలం అదే.

నీ మొక్కలు తీసేయకు. కాయ నిండాక గింజ ఒలుచుకుని పచ్చి బఠాణీలా వాడుకో. తొక్కతో తినాలనుంటే మన దేశపు రకాలూ ఉన్నాయి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ (ఐఐహెచ్‌ఆర్) వాళ్లది అర్కా అపూర్వ, లూధియానా వ్యవసాయ విశ్వవిద్యాలయానిది మీఠీ ఫలీ.

ఎడిసన్ పెరడు · అక్టోబర్ 19

ఆంటీ, మీ పోస్ట్ చదివి కళ్లు చెమర్చాయి. మేమూ న్యూజెర్సీలోనే. మా బాబు కూడా ఇంతే, లంచ్ బాక్స్‌లో అన్నం తిరిగొస్తుంది, స్నాప్ పీస్ మాత్రం ఒక్కటి మిగలదు.

మీ చివరి ప్రశ్నకి ముందు జవాబు. గింజలు తేవద్దని అమ్మాయికి చెప్పండి. ఇండియాకి విత్తనాలు తేవాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి ఉండాలి, గింజకి తెగులు లేదని ఇక్కడి అధికారులిచ్చే ధ్రువపత్రం ఉండాలి. సూట్‌కేసులో పెట్టుకుని వచ్చేయడం కుదరదు. అది కాగితాల గొడవ మాత్రమే కాదు. బఠాణీలో ఒక మొజాయిక్ వైరస్ గింజ ద్వారానే పాకుతుంది. మన రైతుల పొలాలకి అది మన చేతుల మీదుగా చేరకూడదు. ఎలాగూ డిసెంబర్ 24న వచ్చే గింజ మీకు ఆలస్యమే.

ఇక్కడ మా లెక్క మీకు పూర్తిగా తిరగేసి ఉంటుంది. మార్చి 17, సెయింట్ పాట్రిక్స్ డే నాటికి బఠాణీ వేయాలని మా పక్కింటి పెద్దాయన చెప్పారు. ఇక్కడ చాలామంది అదే పాటిస్తారు. ఆ రోజుల్లో మట్టి ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. గింజ రెండు మూడు వారాలు లోపలే పడుకుని ఏప్రిల్‌లో మెల్లగా తల ఎత్తుతుంది. మంచు పడినా చిన్న మొక్కకి ఏమీ కాదు. మాకు కాయ జూన్‌లో. జులై ఎండ తగలగానే తీగ పని అయిపోతుంది. అంటే మేము ఎండ వచ్చే లోపు, మీరు ఎండ తిరిగొచ్చే లోపు కాపు ముగించుకోవాలి.

కోత గురించి నాకు బాగా తెలుసు, అది చెప్తాను. కాయ పొడుగు పెరిగాక నాలుగైదు రోజులు బల్లపరుపుగా ఉంటుంది. అప్పుడు కోసేయాలనిపిస్తుంది, కోయకండి. పలచగా, పసరు రుచిగా ఉంటుంది. లోపల గింజలు ఊరి, కాయ గుండ్రంగా ఉబ్బి, పైన ఇంకా నిగనిగలాడుతుండగా కోయాలి. మధ్యకి విరిస్తే టక్కుమని విరగాలి. నిగనిగ పోయి తొక్క మసకబారిందంటే తీపి పోయినట్టే. రోజు విడిచి రోజు కోయండి. ముదిరిన కాయ తీగ మీద ఉంటే కొత్త పూత తగ్గిపోతుంది. పాపకి ముందే నేర్పండి: ఒక చేత్తో తీగ పట్టుకుని, రెండో చేత్తో కాయ తెంపాలి. ఒంటి చేత్తో లాగితే తీగ మొత్తం వేళ్లతో ఊడి వస్తుంది. మా బాబు మొదటి ఏడాది మూడు మొక్కలు అలాగే పీకాడు.

చిక్కుడుకాయకి తీసినట్టు రెండు వైపులా ఈనె తీసి ఇవ్వండి. కూర చేయాలనుకుంటే పోపులో ఒకటి రెండు నిమిషాలు తిప్పి దించేయండి, మెత్తబడితే కాయ విలువంతా పోతుంది.

రాజేంద్రనగర్‌లో చదివాను · అక్టోబర్ 20

పైన అన్నీ చక్కగా చెప్పారు. వదిలేసిన రెండు విషయాలు నేను కలుపుతాను.

ఒకటి, రైజోబియం. వేళ్ల బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకి అందించే బ్యాక్టీరియా ఇది. మీ బ్యాగుల్లో ఇదివరకు బఠాణీ సరిగా పండలేదు కాబట్టి దానికి సరిపడే రైజోబియం ఆ మట్టిలో ఉండకపోవచ్చు. వేరుశనగ కోసం అమ్మే రైజోబియం తెచ్చి వాడితే పనిచేయదు, బఠాణీకి వేరే జాతి కావాలి. ప్యాకెట్ మీద బఠాణీ అని రాసి ఉన్నదే తీసుకోండి. చల్లారిన పలచటి బెల్లం పానకంలో కలిపి, మూటలో నుంచి తీసిన గింజకి మెల్లగా పట్టించి, నీడలో పది నిమిషాలు ఆరనిచ్చి నాటండి. గింజలు గులాబీ రంగులో ఉంటే మాత్రం బూజు పట్టకుండా శిలీంద్రనాశిని మందు పట్టించినవని అర్థం. వాటికి మొలక మూట వద్దు, చేతికి గ్లవ్ వేసుకుని నేరుగా మట్టిలో పెట్టండి. పాపని ఆ గింజలు ముట్టుకోనివ్వకండి. రైజోబియం దొరక్కపోయినా బెంగ లేదు, ఆరు బ్యాగులకి మాగిన ఎరువు సరిపోతుంది. యూరియా మాత్రం చిటికెడు కూడా వేయకండి. వేస్తే తీగ నల్లగా ఏపుగా పెరుగుతుంది, పూత రాదు.

రెండు, మీరు విభూతి అన్నది బూడిద తెగులు. పగలు పొడి, రాత్రి చలి ఉన్న రోజుల్లో వస్తుంది. కింది ఆకు మీద మొదటి తెల్ల చుక్క కనిపించినప్పుడే ఆ ఆకు తీసేసి, నీళ్లలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు కలిపి చల్లండి. పాప కాయ కోసుకుని అక్కడే తినేస్తుంది కాబట్టి కాపు మొదలయ్యాక గంధకం వద్దు. అప్పుడు పుల్లటి మజ్జిగ పదింతల నీళ్లలో కలిపి వడకట్టి వారానికోసారి చల్లుకోండి. గంధకమంత పట్టు ఉండదు గానీ తెగులు నెమ్మదిస్తుంది. ఆకుల మీద పాము గీతల్లాంటి తెల్ల చారలు కనిపిస్తే, గీత చివర చిన్న నల్ల చుక్క ఉంటుంది, పురుగు అక్కడే ఉంటుంది. ఆకు తుంచకుండా అక్కడ గోటితో నొక్కేస్తే చాలు.

అల్వాల్ మిద్దె తోట · అక్టోబర్ 20

మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. మదనపల్లె బాబూ, వెనక్కి లెక్క కట్టమన్న మాటతో నా రెండేళ్ల సందేహం తీరింది. నేను ఇన్నాళ్లూ చలి వచ్చాక వేయాలి, చలి వచ్చాక వేయాలి అని డిసెంబర్ కోసం ఎదురు చూశాను. ఎడిసన్ అమ్మాయీ, గింజలు వద్దని మా అమ్మాయికి రాత్రే చెప్పేశాను. మా ఆయన రేపు మేడ్చల్ వైపు వెళ్తున్నారు, తెలిసినవాళ్ల చేను దగ్గర కందికట్టె తెస్తానన్నారు. రాజేంద్రనగర్ బాబూ, నా గింజలు మామూలు ఆకుపచ్చగానే ఉన్నాయి, రంగు లేదు.

అల్వాల్ మిద్దె తోట · నవంబర్ 6

మొదటి రెండు బ్యాగులు అక్టోబర్ 29న పెట్టాను, ఒకరోజు ఆలస్యం. మూటలో 16 వేస్తే 15కి వేరు వచ్చింది. నవంబర్ 3న మొలకలు పైకొచ్చాయి. తల ఎత్తడం కాదు, వంగిన మెడతో మట్టిని తోసుకుని వచ్చాయి. మర్నాడు పొద్దున వెళ్తే ఐదు లేవు. పావురాలు. మొలక లాగి, గింజ తిని, కాడ అక్కడే పడేసి వెళ్లాయి. మిగిలిన పది మీద పాత దోమతెర కప్పాను. రెండో విడత 5న పెట్టి, పెట్టిన రోజే తెర వేశాను. మిద్దెల మీద బఠాణీ వేసేవాళ్లు ఇది మొదటి రోజే చేసుకోండి.

మదనపల్లె పెరడు · నవంబర్ 6

పావురాల సంగతి చెప్పడం మర్చిపోయా అమ్మా, మాకు ఆ బెడద లేదు. మొక్క నాలుగు వేళ్ల ఎత్తు వచ్చాక తెర తీసేయండి, అప్పటికి గింజలో సారం అయిపోతుంది, పావురం జోలికి రాదు. తీయకపోతే నులితీగలు తెరనే పట్టుకుంటాయి, విడదీయలేరు.

అల్వాల్ మిద్దె తోట · డిసెంబర్ 12

మొదటి బ్యాగుల్లో పూత. మొన్న 9న తొలి పువ్వు విచ్చింది. ఇవాళ పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని వెళ్లి చూస్తే మొదటి పువ్వు వాడి, దాని లోంచి పిందె బయటికి వచ్చింది. గోరంత కూడా లేదు. చివర ఎండిన పూరేకు టోపీలా ఇంకా అంటుకునే ఉంది. వేలితో మెల్లగా కదిపి చూశాను, రాలలేదు. పోయినసారి ఇదే చోట చేతిలోకి ఊడి వచ్చేది. మధ్యాహ్నం మిద్దె మీద థర్మామీటర్ 28 చూపించింది, గోడ నీడలో 26.

నులితీగలు కందికట్టెని పట్టుకున్న తీరు చూసి తీరాలి. పుల్ల చుట్టూ మూడు చుట్లు తిరిగి, స్ప్రింగులా బిగిసి ఉన్నాయి. ఒకటి విప్పబోయాను, తెగేలా ఉందని వదిలేశాను.

అల్వాల్ మిద్దె తోట · జనవరి 3

డిసెంబర్ 30న పాప కాయ కోసింది. ప్రయాణం బడలికతో, జ్వరంతో మొదటి ఆరు రోజులు మిద్దె ఎక్కలేదు. ఏడో రోజు జలుబుతోనే పైకి వచ్చింది. నేనేమీ చెప్పలేదు. బ్యాగుల మధ్య నడుస్తూ కందికట్టె ముందు ఆగిపోయి, "అమ్మమ్మా, నీ దగ్గర స్నాప్ పీస్ ఉన్నాయా!" అంది. ఒక చేత్తో తీగ పట్టుకోవాలని చెప్పాను. నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, రెండు చేతులతో తెంపింది. ఈనె తీసే దాకా కూడా ఆగలేదు. విరిచిన చప్పుడు ఈసారి ఎదురుగా విన్నాను.

ఇప్పుడు రోజూ పళ్లు తోముకోగానే మిద్దె మీదకే. ఇప్పటిదాకా 43 కాయలు. పాపే లెక్కపెట్టి గోడ మీద సుద్దముక్కతో గీతలు గీస్తోంది. రెండో విడత బ్యాగులు నిండుగా కాస్తున్నాయి, మూడో విడత పూత మీద ఉంది. ఎడిసన్ అమ్మాయీ, నిగనిగ ఉండగా కోయాలన్న మాట అక్షరాలా నిజం. ఒక కాయ ఆకుల చాటున కనపడక మసకబారింది. పాప కొరికి, "ఇది పెద్దదైపోయింది" అని నా చేతిలో పెట్టింది.

ఎడిసన్ పెరడు · జనవరి 4

ఆంటీ, ఇది మా బాబుకి చదివి వినిపించాను. బయట మంచు కురుస్తోంది, మనం ఎప్పుడు వేద్దాం అని అప్పుడే మొదలుపెట్టాడు.

అల్వాల్ మిద్దె తోట · ఫిబ్రవరి 9

మూడో విడత గురించి రాయకపోతే లెక్క పూర్తి కాదు. నవంబర్ 12న పెట్టిన ఆ రెండు బ్యాగులు సంక్రాంతి దాకా బాగా కాశాయి. జనవరి 25 దాటాక పూత రాలడం మొదలైంది, నెలాఖరుకి బూడిద తెగులు వచ్చింది. మజ్జిగ రెండుసార్లు చల్లాను, కింది సగం ఆగలేదు. అన్నీ కలిపి ఆరు బ్యాగుల నుంచి 212 కాయలు. అక్టోబర్ 29, నవంబర్ 5 విడతలవే ఇందులో ఎక్కువ. వచ్చే పంటకి నవంబర్ 12ది మానేసి అక్టోబర్ 25న మొదలుపెడతాను.

నిన్న, విత్తనానికి వదిలిన రెండు తప్ప తీగలన్నీ తీసేశాను. పీకలేదు, మట్టి మట్టానికి కత్తిరించి వేళ్లు లోపలే ఉంచాను. ఒక్క వేరు మాత్రం చూద్దామని తవ్వాను. ఆవగింజంత బుడిపెలు గుత్తులుగా ఉన్నాయి. ఒకటి గోటితో చిదిమితే లోపల లేత గులాబీ రంగు. రాజేంద్రనగర్ బాబూ, రైజోబియం పట్టినట్టేనా?

రాజేంద్రనగర్‌లో చదివాను · ఫిబ్రవరి 9

పట్టింది మేడమ్. గులాబీ రంగు ఉందంటే ఆ బుడిపె పనిచేసినట్టే. లోపల తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే అనుమానించాలి. ఆ బ్యాగుల్లో ఇప్పుడు ఆకుకూర వేసుకోండి, వచ్చే అక్టోబర్‌లో బఠాణీకి వేరే బ్యాగులు వాడండి. ఒకే మట్టిలో వెంటవెంటనే వేస్తే వేరుకుళ్లు వస్తుంది. కొత్త బ్యాగులోకి ఈ పాత మట్టి కొంచెం తీసుకెళ్లాలనిపించినా వద్దు, రైజోబియం ప్యాకెట్ మళ్లీ కొనుక్కోండి.

అల్వాల్ మిద్దె తోట · ఫిబ్రవరి 10

అలాగే చేస్తాను. నాలుగు బ్యాగుల్లో తోటకూర చల్లేశాను. రెండో విడతలో బాగా కాసిన రెండు తీగలకి పాప వెళ్లే ముందు ఎర్ర దారం కట్టించాను, వాటి కాయలు కోయలేదు. తీగ మీదే ఎండి గలగలలాడుతున్నాయి. ఇవాళ ఒలిస్తే 61 గింజలు వచ్చాయి, ముడతలు పడి, లేత ఆకుపచ్చగా. ఇంకో వారం నీడలో ఆరబెట్టి, వేపాకు వేసి గాజు సీసాలో పెడతాను. సీసా మీద తేదీ పాప చేత రాయించిన చీటీ అంటించాను: అక్టోబర్ 25.

గుంటూరు బాబూ, నీ చిరునామా మెసేజ్ చెయ్యి, పది గింజలు నీకు పంపుతాను.

గుంటూరు నుంచి · ఫిబ్రవరి 10

పంపండి అమ్మా. దోమతెర ఇప్పుడే కొని పెట్టుకుంటాను.